‘స్లీప్ 120’ రాసి వెళ్లిపోయిన మిత్రులకు ఒక బహిరంగ లేఖ

ఆసుపత్రులకు, కాలేజీలకు, గోడౌన్లకు, చిట్‌ఫండ్ ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి వెళ్లే ఇంప్లిమెంటేషన్ ఇంజనీర్లకు, వాళ్లకు రెండ్రోజులే టైమిచ్చి పంపే ప్రాజెక్ట్ మేనేజర్లకు,

నమస్కారం.

మీరు సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాక ఆ సర్వర్‌ని చూసుకునే వాళ్లలో నేనొకణ్ని. విజయవాడలో, చుట్టుపక్కల ఊళ్లలో ఓ పదిహేను సంస్థల లినక్స్ మెషిన్లు నా మెడకు చుట్టుకుని ఉన్నాయి. మీ సాఫ్ట్‌వేర్ బాగుందా లేదా అన్నది ఈ ఉత్తరంలో నా గోల కాదు. కరెంటు పోయి వచ్చి సర్వర్ మళ్లీ లేచినప్పుడు, పక్కన మనిషి లేకుండా మీ అప్లికేషన్ తనంతట తాను లేస్తుందా? లేవడానికి మీరు అక్కడ ఏం రాసి వెళ్లారు, ‘స్లీప్ 120’ (120 సెకన్లు ఊరికే ఆగు) అనేనా? అదొక్కటే నా గోల. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారేమో. తెల్లవారుజామున మోగేది కత్తిపీట ఫోనే మరి.

మొన్న మే నెలలో ఒక రాత్రి గాలివానకి ఒక ఆసుపత్రి వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. జనరేటర్ మొరాయించింది. యూపీఎస్ అరగంట లాగి చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక సర్వర్లన్నీ వాటంతట అవే ఆన్ అయ్యాయి. మూడూ నలభైకి నాకు ఫోన్. నైట్ డ్యూటీలో ఉన్న ల్యాబ్ అమ్మాయి.

"సార్, రిపోర్టులు పైకి వెళ్లట్లేదు. ఐసీయూ వాళ్లు అరుస్తున్నారు. సర్వర్ రూములోకి వెళ్లి చూశాం, స్క్రీన్ మీద లాగిన్ కూడా అడగట్లేదు. రెండుసార్లు ఆపి ఆన్ చేశాం."

"మూడోసారి చెయ్యకమ్మా. ఆ బటన్ దగ్గర్నుంచి అందర్నీ ఇవతలికి రమ్మను" అన్నాను.

మెషిన్ చచ్చిందనే నేనూ అనుకున్నాను. ఇంటి నుంచి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచే సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) కొడితే మాత్రం హాయిగా లోపలికి రానిచ్చింది. ఇంట్లో మనిషి ఉన్నాడు, వీధి తలుపు మాత్రం తియ్యట్లేదు. నడుస్తున్న ప్రాసెస్‌ల లిస్టు తీశాను. ఆర్‌సీ డాట్ లోకల్, అంటే మెషిన్ లేచేటప్పుడు నడిచే స్క్రిప్ట్, ఇంకా నడుస్తూనే ఉంది. దాని కింద ‘స్లీప్ 5’. మళ్లీ లిస్టు తీశాను. మళ్లీ ‘స్లీప్ 5’, ప్రాసెస్ నంబరు మాత్రం వేరు. అంటే ఏదో లూపులో తిరుగుతోంది.

ఫైలు తెరిచాను. 61 లైన్లు. తొమ్మిదో లైనులో ఉంది అసలు సంగతి. ఫలానా ఐపీ అడ్రస్‌కి పింగ్ కొట్టు (ఉన్నావా అని పిలువు), జవాబు రాకపోతే ఐదు సెకన్లు ఆగు, మళ్లీ కొట్టు, వచ్చేదాకా కొడుతూనే ఉండు. ఆ అడ్రస్ ఎవరిదా అని నా పాత నోట్సు వెతికాను. ఒకప్పటి డేటాబేస్ సర్వర్‌ది. ఆ డేటాబేస్‌ని పోయిన ఏడాది జూలైలో ఇదే మెషిన్ మీదికి మార్చాం. పాత మెషిన్‌ని దసరాకి గదులు దులిపినప్పుడు పాత ఇనప సామాన్ల వాడికి తూకానికి వేసేశారు. ఆ రాత్రికి ముందు ఈ సర్వర్ 412 రోజులు రీబూట్ కాలేదు. ఆ 412ని నేనే నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాణ్ని. తీరా లేచిన రోజున, తూకానికి పోయిన మెషిన్ పలుకుతుందేమోనని ఐదేసి సెకన్లకోసారి పిలుస్తూ కూర్చుంది.

స్క్రీన్ మీద లాగిన్ ఎందుకు రాలేదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మీలో చాలామందికి తెలియదు, ఆ రాత్రి దాకా నేనూ పట్టించుకోలేదు. సిస్టమ్‌డి (మెషిన్ లేవగానే మిగతా సర్వీసులన్నిటినీ లేపే ప్రోగ్రాం) నడిపే లినక్స్‌లో, మానిటర్ మీద లాగిన్ అడిగే సర్వీసు ఆర్‌సీ డాట్ లోకల్ పూర్తయ్యాకే మొదలవ్వాలని దాని ఫైల్లోనే రాసి ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్‌కి ఆ షరతు లేదు. పైగా ఆర్‌సీ డాట్ లోకల్ నడిపే సర్వీసుకి గడువంటూ లేదు, ఎంతసేపైనా ఆగుతుంది. కాబట్టి మీ లైను ఒకటి ఇరుక్కుంటే మీ అప్లికేషనే కాదు, సర్వర్ ముందు నిలబడ్డ మనిషికి దారి కూడా మూసుకుపోతుంది. ఆ మనిషి ఏం చేస్తాడు? బటన్ నొక్కుతాడు. డేటాబేస్ అప్పుడే లేస్తూ ఉంటుంది.

నడుస్తున్న షెల్ స్క్రిప్టుని అప్పటికప్పుడు ఎడిట్ చెయ్యడం ప్రమాదం. షెల్ దాన్ని చదువుకుంటూ, నడుపుకుంటూ ముందుకు పోతుంది, మధ్యలో అక్షరాలు జరిగితే ఏ ముక్క నడుస్తుందో చెప్పలేం. అందుకని, తూకానికి పోయిన మెషిన్ అడ్రస్‌ని తాత్కాలికంగా ఈ మెషిన్‌కే తగిలించాను. ఐదు సెకన్లు. తన పిలుపుకి తనే పలికింది, లూపు విడిపోయింది. తర్వాతి లైను ‘స్లీప్ 120’. ఎందుకు 120? ఎవరికీ తెలియదు. ఐసీయూ ఫోన్లు ఒక చెవిలో, ల్యాబ్ అమ్మాయి రెండో చెవిలో, ఆ రెండు నిమిషాలు నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగూ పదికి రిపోర్టులు వెళ్లడం మొదలైంది. అప్పటిదాకా కాగితాల మీద రాసి వార్డుబాయ్ చేత పైకి పంపారట. సమయానికి వాళ్లకా బుద్ధి పుట్టింది.

పొద్దున్నే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాను. అవతల కుర్రాడు పాపం మర్యాదగానే మాట్లాడాడు. "అన్నా, అది రాసినవాడు మానేసి రెండేళ్లయింది. మా దగ్గర డాక్యుమెంట్ ఏం లేదు. ఇప్పుడు పనిచేస్తోందిగా?"

పనిచేస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

ఆ 61 లైన్లనీ ఆ వారం కూర్చుని ఒక్కొక్కటే విప్పాను. మనిళ్లల్లో అటక ఉంటుంది చూడండి, ఎప్పుడో పనికొస్తుందని ఎక్కించి, ఎక్కించినవాళ్లు పోయాక ఏముందో కూడా తెలియకుండా మిగిలిపోయే సామాను. ఆ ఫైలు అచ్చం అదే. నలుగురు వేర్వేరు వెండర్ల చేతిరాత కనిపించింది. ఒకాయన కెర్నల్ సెట్టింగులు మార్చాడు. ఒకాయన తన ఫోల్డర్‌కి ప్రతి బూట్‌లోనూ 777 పర్మిషన్లు (ఎవరైనా ఏమైనా చెయ్యొచ్చని) ఇస్తున్నాడు, ఎవరో ఎప్పుడో మారుస్తారని భయం కాబోలు. ఒకచోట ‘టెస్టింగ్ కోసం, తర్వాత తీసేయాలి’ అని కామెంటు, దాని కింద ఫైర్‌వాల్ రూల్స్ మొత్తాన్నీ ఖాళీ చేసే కమాండు. అంటే నేను ఎంతో జాగ్రత్తగా రాసుకున్న ఫైర్‌వాల్ ప్రతి రీబూట్ తర్వాతా తుడిచిపెట్టుకుపోతోందన్నమాట. 412 రోజులు రీబూట్ కాకపోవడం వల్లే అది బతికింది. ఇంకొక వెండర్ తన అప్లికేషన్‌ని రెండుసార్లు స్టార్ట్ చేస్తున్నాడు, ఒకటి మధ్యలో, ఒకటి చివర్లో. రెండోది పోర్టు ఖాళీ లేదని ఏడ్చి చచ్చిపోతుంది. ఆ ఏడుపు ఏ లాగ్‌లోనూ పడదు, ఎందుకంటే ఆయనే అవుట్‌పుట్ అంతా డెవ్ నల్‌లో, అంటే పడిందల్లా మాయమయ్యే గుంటలో, పారేశాడు.

తమాషా ఏమిటంటే, రెడ్‌హ్యాట్ లినక్స్ 7 నుంచి ఆ ఫైలు తెరవగానే పైనే ఒక హెచ్చరిక ఉంటుంది. ఇది పాత పద్ధతుల కోసం ఉంచాం, ఇందులో రాయకుండా మీ సొంత సర్వీసు ఫైలు తయారు చేసుకోవడం మేలు అని. ఆ కామెంటు కిందే 61 లైన్లు.

నేనేదో పతివ్రతనని చెప్పట్లేదు. 2009లో ఒక కాలేజీ డేటాబేస్‌కి నేనే స్టార్టప్ స్క్రిప్ట్ రాశాను. రెడ్‌హ్యాట్ 5 రోజులు. ‘స్టార్ట్’ ఉంది, ‘స్టాప్’ ఉంది, ఏ రన్‌లెవెల్లో (సిస్టమ్ లేచే స్థాయిలో) ఎన్నో నంబరో పైన కామెంటు ఉంది, అన్నీ సక్రమం. రెండేళ్ల తర్వాత ఆ డేటాబేస్ లాగ్ తీరిగ్గా చదివితే, ప్రతి బూట్‌లోనూ ‘క్రాష్ రికవరీ’ అని కనిపించింది. మేం శుభ్రంగానే షట్‌డౌన్ చేస్తున్నాం కదా అని తల పట్టుకున్నాను. ఆ కాలం రెడ్‌హ్యాట్‌లో షట్‌డౌన్ సమయంలో ఒక సర్వీసుని ఆపాలంటే, వార్ కింద లాక్, దాని కింద సబ్‌సిస్ అనే డైరెక్టరీలో ఆ సర్వీసు పేరుతో ఒక ఖాళీ ఫైలు ఉండాలి. లేకపోతే అది నడవట్లేదనుకుని ‘స్టాప్’ని పిలవనే పిలవదు. స్టార్ట్ అయ్యాక ఆ ఖాళీ ఫైలుని సృష్టించే ఒక్క లైను నేను రాయలేదు. కాబట్టి రెండేళ్ల పాటు ప్రతి షట్‌డౌన్‌లోనూ, నా ‘స్టాప్’ స్క్రిప్ట్ చూస్తూ ఉండగా, డేటాబేస్‌ని చివర్లో మెడపట్టి గెంటేశారు. చేత్తో ‘స్టాప్’ కొట్టి చూసినప్పుడు అన్నీ పనిచేశాయి. అందుకే సంతకం కూడా అయిపోయింది.

చేత్తో నడిపితే పనిచేయడం వేరు, బూట్‌లో పనిచేయడం వేరు. ఈ తేడా ఎన్ని రూపాల్లో వస్తుందో చూస్తే ఒక్కోసారి నవ్వొస్తుంది. మరో చోట ఒక అప్లికేషన్ రోజూ పదకొండు దాటి, జనం పెరిగాక ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని పడిపోయేది. కంపెనీ ఇంజనీరు వచ్చి రీస్టార్ట్ చేస్తే నెలల తరబడి బాగుండేది. రీబూట్ అయితే మళ్లీ మొదలు. "మీ సర్వర్లోనే ఏదో ఉంది సార్" అని నా మీద తోశాడు. ఉన్నమాట నిజమే, సర్వర్లోనే ఉంది. ఆయన ఫైళ్ల పరిమితిని సెక్యూరిటీ లిమిట్స్ ఫైల్లో 65536 అని పెట్టాడు. అది లాగిన్ అయిన మనుషులకు వర్తిస్తుంది, సిస్టమ్‌డి మొదలుపెట్టే సర్వీసులకు వర్తించదు. బూట్‌లో లేచినప్పుడు దానికి దక్కేది 1024. ఆయన లాగిన్ అయి స్క్రిప్టుని చేత్తో నడిపితే, ఆయన 65536 దానికి అంటుకుంటుంది. సర్వీసు ఫైల్లో ‘లిమిట్ నోఫైల్’ అని ఒక్క లైను రాస్తే పోయేదానికి మూడు నెలలు ఒకరినొకరు అనుమానించుకున్నాం.

ఇంకొకటి, పిడ్ ఫైలు (నడుస్తున్న ప్రాసెస్ నంబరు రాసుకునేది) పెట్టుకోవడానికి వార్ రన్ కింద ఒక డైరెక్టరీని చేత్తో సృష్టించి వెళ్తారు. ఇప్పటి లినక్స్‌లో అది మెమరీలో ఉండే డైరెక్టరీ, రీబూట్‌తో మాయం. అది లేక మీ అప్లికేషన్ లేవదు. ‘రన్‌టైమ్ డైరెక్టరీ’ అని ఒక్క లైను రాస్తే ప్రతిసారీ సిస్టమ్‌డియే సృష్టించి, సరైన యూజర్ పేరు మీద పెడుతుంది. అలాగే హోమ్ ఫోల్డర్లో స్క్రిప్ట్ రాసుకుని, తర్వాత దాన్ని కాపీ కాకుండా మూవ్ చేస్తారు. ఏ ఫైలుని ఎవరు వాడొచ్చో కాపలా కాసే ఎస్ఈలినక్స్ దృష్టిలో అది ఇంకా మీ హోమ్ ఫోల్డర్ ఫైలే, పాత ముద్ర దానితోనే వస్తుంది, బూట్‌లో నడపనివ్వదు. అప్పుడు మీరు చేసే పని ఎస్ఈలినక్స్‌ని మొత్తంగా ఆపేయడం. తలనొప్పికి తల తీసేసినట్టు. ఆ ముద్రని సరిచేసే ‘రిస్టోర్‌కాన్’ ఒక్కసారి కొడితే సరిపోయేది.

అసలీ బాధ కొత్తది కాదు, మనదొక్కటే కాదు. ఆర్‌సీ అనే పేరే యూనిక్స్ కంటే పాతది. ఎంఐటీలో 1960లలో నడిచిన సీటీఎస్ఎస్ అనే సిస్టమ్‌లో కమాండ్లను ఒక ఫైల్లో రాసి వరసగా నడిపే సౌకర్యాన్ని రన్‌కామ్ అనేవారు, ఆ రెండక్షరాలే ఇప్పటికీ మన ఫైళ్ల పేర్లలో ఉన్నాయి. తొలి యూనిక్స్‌లలో ఈటీసీ కింద ఒకే ఒక్క ఆర్‌సీ ఫైలు ఉండేది. పది లైన్ల కాలంలో అది చాలు. సర్వీసులు పెరిగాక సిస్టమ్ ఫైవ్ అనే యూనిక్స్ వాళ్లు ఒక్కొక్క సర్వీసుకి ఒక్కొక్క స్క్రిప్ట్ పెట్టి, ఎస్ (స్టార్ట్), కే (కిల్) అనే అక్షరాల పక్కన రెండంకెల నంబర్లతో వరస కట్టారు. బాగానే ఉంది కానీ, నంబరు వరసని చెబుతుంది తప్ప కారణాన్ని చెప్పదు. ఒక సర్వీసుకి 55 అంటే ఏమిటి? 54వ వాడి మీద ఆధారపడి ఉందా, లేక ఆ రోజు ఖాళీ దొరికిన నంబరా? పైగా మన వెండర్లందరూ తమది ఆఖర్న లేవాలని 99 తీసుకున్నారు. ఒకే నంబరు వచ్చిన వాళ్లలో అక్షరక్రమంలో ముందున్న పేరు ముందు లేస్తుంది. ‘జెడ్’తో మొదలయ్యే కంపెనీలకు ఆ కాలంలో అదృష్టం బాగుండేది.

ఈ చిక్కుని శుభ్రంగా విప్పింది యూనిక్స్‌లోనే ఇంకో శాఖ అయిన బీఎస్‌డీ వాళ్లని నా అభిప్రాయం. 2000 డిసెంబర్లో వచ్చిన నెట్‌బీఎస్‌డీ 1.5లో ల్యూక్ మ్యూబర్న్ తదితరులు పెద్ద ఆర్‌సీ ఫైలుని ముక్కలు చేశారు. నంబర్లు పెట్టలేదు. ప్రతి చిన్న స్క్రిప్ట్ పైనా రెండు మూడు కామెంటు లైన్లు: నేను ఏం అందిస్తాను, నాకు ఏం కావాలి. ఆర్‌సీఆర్డర్ అనే చిన్న ప్రోగ్రాం అవన్నీ చదివి వరస తనే కడుతుంది. 2003లో ఫ్రీబీఎస్‌డీ 5.0 దాన్ని తెచ్చుకుంది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు తొందరపడే రకం కాదు కదా, 2011 దాకా ఆగి తమదైన పొట్టి పద్ధతి పెట్టుకున్నారు. అదే ఏడాది లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 6 కూడా స్క్రిప్టుల పైన రాసే కామెంట్లను బట్టి వరస కట్టే పద్ధతికి డిఫాల్ట్‌గా మారింది. ఈలోపు 2010లో సిస్టమ్‌డి ప్రకటన వచ్చింది. 2014లో రెడ్‌హ్యాట్ 7తో, 2015లో డెబియన్ 8తో, ఉబుంటు 15.04తో మనందరి సర్వర్ల మీదికీ వచ్చి కూర్చుంది.

సిస్టమ్‌డి మీద బోలెడు గొడవలు జరిగాయి. డెబియన్ నుంచి కొందరు విడిపోయి, సిస్టమ్‌డి లేని డెవువాన్ పెట్టుకున్నారు. లాగ్‌లు మామూలు టెక్స్టుగా లేవని నేనూ రెండేళ్లు సణిగాను. ఆ పంచాయితీ ఇక్కడ వద్దు. మీరు సిస్టమ్‌డి బదులు ఓపెన్‌ఆర్‌సీ ఉండే ఆల్పైన్ లినక్స్ వాడినా, ఫ్రీబీఎస్‌డీ వాడినా ఇందులో అందరూ ఒక మాట మీదే ఉన్నారు: స్క్రిప్ట్ చెప్పాల్సింది ఎన్ని సెకన్లు ఆగాలని కాదు, ఎవరి కోసం ఆగాలని. మీ ‘స్లీప్ 120’ ఈ రెండో ప్రశ్నకి జవాబు ఎగ్గొట్టడం. డేటాబేస్ కోసం ఆగుతున్నారా? స్టోరేజ్ కోసమా? నెట్‌వర్క్ కోసమా? ఆ రోజు 120 సెకన్లు చాలాయి, మీరు వెళ్లిపోయారు. డేటాబేస్ పెరిగి లేవడానికి 150 సెకన్లు పట్టే రోజున, లేదా కొత్త డిస్కులతో 10 సెకన్లలో లేచే రోజున, ఆ అంకె అబద్ధమైపోతుంది.

రాయడానికి పెద్ద కష్టం కూడా లేదు. నిన్ననే ఆ ఆసుపత్రి అప్లికేషన్‌కి నేను రాసిన యూనిట్ ఫైలు (సిస్టమ్‌డి చదివే సర్వీసు ఫైలు) పదహారు లైన్లు. ‘ఆఫ్టర్’ అన్న చోట డేటాబేస్ పేరు రాస్తే, అది లేచాకే ఇది లేస్తుంది. కానీ ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు: ‘ఆఫ్టర్’ వరసని మాత్రమే చెబుతుంది, డేటాబేస్‌ని లేపమని చెప్పదు. ‘రిక్వయర్స్’ దాన్ని లేపమంటుంది కానీ వరస చెప్పదు, రెండూ ఒకేసారి పరుగెడతాయి. రెండూ రాయాలి. అలాగే ‘నెట్‌వర్క్ టార్గెట్ తర్వాత’ అని రాసి, ఐపీ అడ్రస్ వచ్చేసి ఉంటుందని నమ్ముతారు. రాదు. నెట్‌వర్క్‌ని చూసుకునే సాఫ్ట్‌వేర్ మొదలైందని మాత్రమే దాని అర్థం. నిజంగా లైను కలిసేదాకా ఆగాలంటే ‘నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్’ని ‘వాంట్స్’లోనూ, ‘ఆఫ్టర్’లోనూ పెట్టాలి. మీ ‘స్లీప్’లలో సగం ఈ ఒక్క తేడా తెలియక పుట్టినవే అని నా అనుమానం.

ఇంత చేసినా డేటాబేస్ సర్వీసు లేచిందని సిస్టమ్‌డి అనుకున్న క్షణానికి అది కనెక్షన్లు తీసుకోలేకపోవచ్చు. ఒప్పుకుంటాను. దానికి మందు స్టార్టప్ స్క్రిప్టులో లేదు, మీ అప్లికేషన్లో ఉంది. డేటాబేస్ దొరక్కపోతే మళ్లీ ప్రయత్నించడం నేర్పండి. అది చేతకాకపోతే, చచ్చిపోనివ్వండి. ‘రీస్టార్ట్ ఆన్ ఫెయిల్యూర్’ రాసి, ఎన్ని సెకన్లకి మళ్లీ లేపాలో చెప్పండి. ఆ సెకన్లు తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే క్షణాల్లో మళ్లీ మళ్లీ లేపి, పది సెకన్లలో ఐదుసార్లు పడిపోతే ఇక లేపడం మానేస్తుంది.

ఆపడం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దాని గురించి ఎవరూ అడగరు. సిస్టమ్‌డి మామూలుగా 90 సెకన్లు మర్యాదగా అడుగుతుంది, తర్వాత చంపేస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ మెమరీలో ఉన్నది డిస్కుకి రాయడానికి నాలుగు నిమిషాలు పడితే ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలియదు. ఆ ఫైల్లో రాసి వెళ్లండి. యూపీఎస్ బ్యాటరీలో ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలి ఉన్నప్పుడు షట్‌డౌన్ మొదలుపెట్టాలో దాన్ని బట్టే నేను లెక్కేసుకోవాలి.

ఇప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్లకు. మీ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. సోమవారం దిగి, మంగళవారం సాయంత్రం ఆరింటి బస్సుకో రైలుకో వెళ్లిపోవాల్సినవాడు ఆర్‌సీ డాట్ లోకల్‌లో రాయక యూనిట్ ఫైలు చదువుకుంటూ కూర్చుంటాడా? ఆ ఫైలు మీ ఆఫీసులోనే తయారు కావాలి. మీ ఇన్‌స్టాలర్‌తో పాటే రావాలి, నాలుగు చోట్ల కాదు, నలభై చోట్ల అదే ఫైలు. సైటుని బట్టి మారేవి ఏవైనా ఉంటే ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’తో విడిగా చిన్న ఫైల్లో పెట్టొచ్చు, అసలు ఫైలు జోలికి పోనక్కర్లేదు. మరీ ముఖ్యంగా, సిస్టమ్ ఫైవ్ స్క్రిప్టులే ఇంకా పంపుతున్న కంపెనీలు మీలో ఉన్నాయి. ఇన్నాళ్లూ సిస్టమ్‌డి వాటిని కనిపెట్టి తనే ఒక యూనిట్‌గా మార్చుకుని నడిపేది. ఆ సౌకర్యం తీసేస్తున్నామని సిస్టమ్‌డి వాళ్లు ముందే ప్రకటించారు. మీ స్క్రిప్టుల పైన ఉండే ‘345 99 10’ (ఏ రన్‌లెవెళ్లలో, ఎన్నో నంబరుతో లేవాలి, ఎన్నో నంబరుతో ఆగాలి) కామెంటుని చదివేవాడు ఎల్లకాలం ఉండడు. రెడ్‌హ్యాట్‌కి ఉచిత రూపమైన సెంటోస్‌లో 6 గడువు 2020 నవంబర్లో ముగిసింది, 7 గడువు 2024 జూన్ 30న ముగిసింది. ఆ మెషిన్ల నుంచి కొత్తవాటి మీదికి మారేటప్పుడు పాత ఆర్‌సీ డాట్ లోకల్ లైన్లని కాపీ కొట్టి అతికించిన వాళ్లకు ఒక చిన్న షాక్ కూడా ఉంది: రెడ్‌హ్యాట్ 7 నుంచి ఆ ఫైలుకి ఎగ్జిక్యూట్ పర్మిషన్ మీరే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎర్రర్ రాదు, స్క్రీన్ మీద ఏమీ రాదు. ఆ ఫైలు అక్కడ లేనట్టే బూట్ అయిపోతుంది.

సంతకం పెట్టించుకునే కాగితంలో ఒక్క గడి చేర్చండి. ‘సర్వర్ రీబూట్ చేశాం, ఎవరూ లాగిన్ కాకుండా అప్లికేషన్ లేచింది’ అని, దాని పక్కన టైమ్. వీలైతే ఇంకోసారి, డేటాబేస్ మెషిన్‌ని కావాలని ఆలస్యంగా ఆన్ చేసి. ఈ రెండో పరీక్షలో ‘స్లీప్ 120’ రంగు బయటపడుతుంది. మొత్తం కలిపి అరగంట పని. రీబూట్ అంటే ఆసుపత్రి వాళ్లు భయపడతారు, "మళ్లీ లేవకపోతే?" అంటారు. నిజమే, కాబట్టి మీరు ఇంకా అక్కడున్నప్పుడే చెయ్యాలి.

నా వంతు నేను మొదలుపెట్టాను. నా పదిహేను చోట్లా, నెలకో ఆదివారం మధ్యాహ్నం చెప్పి మరీ రీబూట్ చేస్తున్నాను. ఆ 412 లాంటి అంకెలు చెప్పుకోవడం మానేశాను. లేచాక ‘సిస్టమ్‌డి అనలైజ్ బ్లేమ్’ కొట్టి ఎవరు ఎంతసేపు పట్టారో ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆ ఆసుపత్రి సర్వర్ మే నెలలో చేత్తో నెడితే తప్ప లేవలేదు, ఇప్పుడు 48 సెకన్లు. ఆర్‌సీ డాట్ లోకల్‌లో 61 లైన్లలో 60 పోయాయి. కొన్ని యూనిట్ ఫైళ్లయ్యాయి, కెర్నల్ సెట్టింగులు సిస్‌సీటీఎల్ ఫైల్లోకి వెళ్లాయి, ఫైర్‌వాల్ని తుడిచే లైను ఎక్కడికీ వెళ్లలేదు, చెత్తబుట్టలోకి వెళ్లింది.

మిగిలిన ఒక్క లైను ఇంకా అక్కడే ఉంది. ఆప్ట్ డైరెక్టరీలో ఉన్న ‘ఎస్‌టీ2’ అనే ఒక ప్రోగ్రాంని బ్యాక్‌గ్రౌండ్‌లో నడుపుతుంది. అది టెంప్ డైరెక్టరీలో సున్నా బైట్ల ఫైలు ఒకటి సృష్టించి ఆగిపోతుంది. ఆ ఫైలుని ఎవరూ చదువుతున్నట్టు లేదు. ఆ లైను చివర్లో తెలుగులో, ఇంగ్లీషు అక్షరాలతో ‘తీయొద్దు ప్లీజ్’ అని కామెంటు మాత్రం ఉంది. నాలుగు కంపెనీల్నీ అడిగాను, మాది కాదంటే మాది కాదన్నాయి. రాసింది మీలో ఎవరైనా అయితే, అది దేనికో ఒక్క ముక్క చెప్పండి.

ఇట్లు,
మీ తర్వాత ఆ సర్వర్ దగ్గర కూర్చునే మనిషి